యూత్ మీటింగ్‌లో మాట్లాడేది ఎవరు?

ప్రశ్న: రెండేళ్ల కిందట మా చర్చి యూత్ మీటింగ్‌కి పాతిక మంది వచ్చేవారు. ఇప్పుడు తొమ్మిది మందే. గంటన్నర మీటింగ్‌లో అరగంట పాటలు, మిగతాదంతా వాక్యం, అంటే బైబిలు బోధ. కొత్త కీబోర్డు కొన్నాం, క్విజ్ పోటీలు పెట్టాం. అయినా తగ్గుతూనే ఉన్నారు.

జవాబు: వచ్చే రెండు మీటింగులూ వెనక కూర్చుని, ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో రాసిపెట్టుకోండి. మీ లెక్క ప్రకారమే గంటసేపు ఒక్కరు మాట్లాడుతున్నారు, తొమ్మిది మంది వింటున్నారు. ఆదివారం ఆరాధనలోనూ వాళ్లు చేసేది అదే. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని విన్నాడు, ప్రశ్నలూ అడిగాడు అంటాడు బైబిల్లో లూకా. మనం వినడం ఉంచుకుని అడగడం వదిలేశాం.

తొమ్మిది మందినీ రెండు గుంపులు చేయండి. గుంపులో ఏడుగురు దాటితే ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు, మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు. సమయాన్ని ఇలా పంచుకోవచ్చు: పాటలకు 15 నిమిషాలు, వాక్యభాగం చదివి మాట్లాడుకోవడానికి 45, ప్రార్థనకు 15, చివరి 15 ఊరికే కబుర్లకు. ఆ చివరి పావుగంటను వృథా అనుకుని కోసేయకండి. గుంపులో నోరు విప్పనివాళ్లు కుర్చీలు సర్దేటప్పుడు అసలు సంగతి చెబుతారు.

బైబిల్లో యేసు జీవితం చెప్పే మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారు అధ్యాయాలే, కథ చకచకా సాగుతుంది. ఒక్కో మీటింగ్‌కి పది పదిహేను వచనాలు చాలు. ప్రశ్నలు మూడు చాలు: ఇక్కడ ఏం జరిగింది? ఇది యేసు గురించి ఏం చెబుతోంది? ఈ వారం నాలో ఏం మారాలి? చాలామంది నాయకులు మొదటి ప్రశ్న దాటేసి నేరుగా మూడోదానికి దూకుతారు. అప్పుడు ప్రతివారం ఒకే జవాబు వస్తుంది: ‘ఎక్కువ ప్రార్థన చేయాలి’. అలా కాకుండా నాలుగో అధ్యాయంలో యేసు తుపానును ఆపిన సంఘటన తీసుకుని, ‘శిష్యులు ఎప్పుడెప్పుడు భయపడ్డారు?’ అని అడిగి చూడండి. గాలి అణిగాక కూడా వాళ్లు మిక్కిలి భయపడ్డారని ఎవరో ఒకరు కనిపెడతారు. తుపాను పోయాక ఆ భయం దేనికి? ఇక చర్చను మీరు నెట్టక్కర్లేదు.

ప్రశ్న అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టుకునేదాకా నోరు తెరవకండి. ఆ మౌనం భరించలేక నాయకుడే జవాబు చెప్పేస్తాడు. రెండు వారాల్లో పిల్లలకు సంగతి అర్థమవుతుంది: కాస్త ఓపిక పడితే అన్నయ్యే చెప్పేస్తాడని!

ప్రార్థనకు ఎవరినీ పేరు పెట్టి బలవంతంగా లేపవద్దు. ఇష్టమైతే ఒక్క వాక్యం చాలని ముందే చెప్పండి. గుంపులో చెప్పుకున్న ప్రార్థన అంశాలు బయట కబుర్లుగా మారాయా, ఆ గుంపు మళ్లీ నోరు విప్పదు.

ప్రశ్న: పదిహేడేళ్ల అబ్బాయి ఒకడు ‘దేవుడు ఉన్నాడని ఎలా తెలుసు?’ అని అందరి ముందు అడిగాడు. అది సాతాను పెట్టిన ఆలోచన అని ఒక పెద్దాయన అన్నారు. అబ్బాయి మళ్లీ రాలేదు.

జవాబు: వెళ్లి కలవండి. పెద్దాయన ఆ మాట అలా అనకుండా ఉండాల్సిందని మొదట ఒప్పుకోండి. వాదన తర్వాత. యేసు తిరిగి లేచాడంటే ఆయన శిష్యుడు తోమా నమ్మనన్నాక కూడా ఎనిమిది రోజులకు శిష్యులతో కలిసి అదే ఇంట్లో ఉన్నాడు. అతన్ని ఎవరూ బయటికి పంపలేదు. ‘నమ్ముచున్నాను’ అన్న నోటితోనే తన అపనమ్మకానికి సహాయం అడిగిన ఒక జబ్బు పిల్లవాడి తండ్రి మార్కు తొమ్మిదో అధ్యాయంలో ఉన్నాడు.

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి పుట్టిందో వినండి. ఒకరికి అది సైన్సు పాఠంలో పుడుతుంది, ఒకరికి ఇంట్లో చావు తర్వాత, ఇంకొకరికి సంఘంలో ఎవరో చేసిన మోసం చూశాక. ఎవరినో పోగొట్టుకుని ఏడుస్తున్నవాడికి సృష్టి గురించి రుజువులు చూపిస్తే ఏం లాభం? అతనితో బైబిల్లోని 88వ కీర్తన చదవండి. అది చీకటిలోనే ముగుస్తుంది, అయినా ప్రార్థనే. తెలియని ప్రశ్న అయితే ‘నాకు తెలియదు, చూసి చెబుతాను’ అనండి. చెప్పిన రోజుకు తప్పకుండా వెళ్లండి, ఎందుకంటే అతను చూసేది దాన్నే. బతకాలని లేదన్న మాట వినిపిస్తే మాత్రం ఒంటరిగా వదలవద్దు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వవద్దు. ఇంట్లో నమ్మకమైన పెద్దలకు చెప్పి, వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. ప్రార్థన దానితోపాటు చేయండి, దాని బదులు కాదు.

ప్రశ్న: మా యవ్వనస్థులకు కుర్చీలు వేయడం, మైకులు సర్దడం తప్ప పని ఇవ్వరు. ఇస్తే పాడుచేస్తారని పెద్దల భయం.

జవాబు: పాడుచేస్తారు, మొదట్లో. అయినా ఇవ్వాలి. 1881లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టర్ మొదలుపెట్టిన క్రిస్టియన్ ఎండెవర్ అనే యువజన సంఘం త్వరలోనే చాలా దేశాలకు పాకింది. వచ్చిన ప్రతి సభ్యుడూ మీటింగ్‌లో ఏదో ఒక పాత్ర తీసుకోవాలన్నది అందులో ముఖ్యమైన నియమం.

పని నేర్పడానికి నాలుగు మెట్లు: మీరు చేస్తుంటే చూడాలి, మీతో కలిసి చేయాలి, తను చేస్తుంటే మీరు చూడాలి, ఆ తర్వాత ఒంటరిగా చేయాలి. మన సంఘాల్లో సాధారణంగా మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టుకు తోసేస్తాం, పడితే ‘చూశారా’ అంటాం. చేసిన రోజే బాగున్నదొకటి, దిద్దుకోవాల్సిందొకటి చెప్పండి. అయిదు చెబితే ఏదీ గుర్తుండదు. స్వరం బాగున్నవాళ్లకే ఎప్పుడూ అవకాశం వస్తుంటే మిగతావాళ్లు ప్రేక్షకులైపోతారు. చిన్నపిల్లల సండే స్కూల్‌లో సహాయం, మంచం పట్టిన సభ్యుల పరామర్శ, సంఘ లెక్కలు రాయడం కూడా పరిచర్యే.

ప్రశ్న: యూత్ లీడర్ పదిహేనేళ్ల అమ్మాయితో ఆత్మీయ విషయాలు ఒంటరిగా మాట్లాడవచ్చా?

జవాబు: మూసిన గదిలో వద్దు. నలుగురికీ కనిపించే చోట, ఇంకో పెద్దవారు దగ్గర్లో ఉండగా మాట్లాడాలి. రాత్రిపూట వ్యక్తిగత మెసేజ్‌లు అసలే వద్దు. గ్రూపులో, తల్లిదండ్రులకు తెలిసేలా పంపాలి. మంచివాడే కదా అని ఎవరికీ మినహాయింపు ఇవ్వకండి. తనపై వేధింపు జరిగిందని ఏ పిల్లైనా చెబితే నమ్మి వినండి, గుచ్చిగుచ్చి అడగకండి, సంఘంలో పంచాయితీ పెట్టకండి. చట్టప్రకారం ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: క్యాంపులో యేసును నమ్ముతామని ముప్పై మంది చేతులెత్తారు. నెల తిరగకముందే ముగ్గురు మిగిలారు.

జవాబు: క్యాంపు ముగిసిన రెండు రోజుల్లో ప్రతి ఒక్కరితో ఎవరు మాట్లాడాలో క్యాంపుకు ముందే పేర్లు రాసుకోవాలి. ఒక పెద్దవారికి ముగ్గురికి మించి అప్పగించవద్దు. ఆరు వారాలపాటు వారానికొకసారి అరగంట కలవాలి. పదిమంది పెద్దవాళ్లు దొరకకపోతే, తేదీ వేసుకోకముందే వాళ్లను వెతకండి.