బార్ట్‌లెట్ పియర్‌ను క్విన్స్ వేరుమొక్క మీద అంటు కట్టవచ్చా?

నేరుగా కడితే నమ్మకం లేదు. మధ్యలో రెండింటితోనూ పొసిగే ఇంకో పియర్ రకం ముక్క పెట్టి కట్టాలి. క్విన్స్ పియర్‌కు దగ్గరి చుట్టమే. దాని మీద చెట్టు పొట్టిగా పెరిగి త్వరగా కాపుకొస్తుంది కాబట్టి యూరప్ తోటల్లో గిరాకీ ఎక్కువ. చిక్కల్లా క్విన్స్‌లో ఉండే ప్రూనాసిన్ అనే రసాయనంతోనే. అది పైకెక్కి, పియర్ కణజాలంలో విడిపోయి సయనైడ్ వదులుతుంది. అతుకు దగ్గర బెరడు కణాలు చచ్చిపోతాయి. కోమిస్ రకం దీన్ని తట్టుకుంటుంది, బార్ట్‌లెట్ తట్టుకోలేదు. అందుకే బార్ట్‌లెట్ కింద బ్యూరే హార్డీ లేదా ఓల్డ్ హోమ్ అనే పియర్ రకం ముక్క వేస్తారు.

చిగురు వేస్తే అంటు అతికినట్టేనని చాలామంది అనుకుంటారు. కాదు. కొన్నేళ్లు బాగా కాసిన చెట్టు కూడా ఈదురుగాలికి అతుకు దగ్గర రంపంతో కోసినట్టు నున్నగా విరిగిపోవచ్చు. పియర్ గింజ మొలక మీద కడితే ఈ టెన్షన్ ఉండదు, కాకపోతే చెట్టు పెద్దదవుతుంది, కాపు ఆలస్యమవుతుంది.