ఆఫ్రికాలో అంత పెద్ద నదులుండి కూడా జనం ఎందుకు బాగుపడలేదు? నేల, నదులు, వాతావరణం మనిషి బతుకును నిజంగా నిర్ణయిస్తాయా?

నది పెద్దదైతే పక్కనున్నవాడు బాగుపడాలని ఎవరు చెప్పారండీ? గోదావరి 1,465 కిలోమీటర్ల నది. ఉత్తర తెలంగాణను ఒరుసుకుంటూ పోతుంది. అయినా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు మనిషి పోని ఊరొకటి చూపించండి. నన్నడిగితే నది పొడవు, వెడల్పు తర్వాతి సంగతి. నది మట్టమెంత, నీ చేను మట్టమెంత? ముందు అది చెప్పాలి. సగం చరిత్ర అక్కడే తేలిపోతుంది.

ఈ సంగతి నాకు దుబాయిలో ఎక్కింది. అక్కడ సర్వే పనిలో హెల్పర్‌ను. నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషన్ దగ్గర సర్వేయర్ నిలబడితే, దూరంగా ఎండలో కొలతలున్న స్టాఫ్ కర్ర పట్టుకుని నిలబడేది నేను. మా సర్వేయర్ సూడాన్ మనిషి, గెజీరా ప్రాంతంవాడు. వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించొద్దని అక్కడ రూలు. ఆ కాసేపు కంటెయినర్ నీడన కూచుని ఊళ్ల ముచ్చట్లు పెట్టుకునేవాళ్లం. సగం హిందీ, సగం అరబ్బీ, మిగిలింది చేతులతో.

ఒకరోజు వాళ్ల మట్టి గురించి చెప్తున్నాడు. నల్లగా ఉంటుందట, ఎండాకాలం పాదం దిగేంత నెర్రెలు తీస్తుందట, వాన పడితే బండి చక్రం కదలదట. అందులో పత్తి వేస్తారట. నాకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాలేదు. పరకాల వైపు మా రేగడి చెల్క అచ్చం అంతే, మా నాయిన వేసేదీ పత్తే! అయితే మీకు కాలువ ఎక్కణ్నుంచి వస్తుందని అడిగాడు. కాలువ లేదు, బోర్లున్నాయన్నాను. పక్కన అంత పెద్ద నది ఉందన్నావు కదా అన్నాడు.

ఇసుకలో వేలితో గీసి చూపించాడు. నీలి నైలు, తెల్ల నైలు ఖార్తూమ్ దగ్గర కలుస్తాయి. ఆ రెంటి నడుమ ఉన్నది గెజీరా. నేల నీలి నైలు ఒడ్డు నుంచి తెల్ల నైలు వైపు సన్నగా వాలుతుంది. 1925లో సెన్నార్ దగ్గర ఆనకట్ట కట్టి కాలువ తవ్వితే నీళ్లు వాటంతటవే చేన్లకు పారాయి. మోటరు లేదు, కరెంటు లేదు. "మీ నది మట్టమెంత, మీ చేను మట్టమెంత?" అని అడిగాడు. లెవెల్స్ రాసి పొట్ట పోసుకునే నా దగ్గర మా ఊరి లెవెల్ లేదు. రాత్రి నాయినకు ఫోన్ చేశాను.

"గోదారి నీళ్లు మన చేన్లకెట్లొస్తయిరా? అది లోయల ఉండె, మనం గడ్డ మీద ఉంటిమి. మీదికెళ్లి వాన పడాలె, లేకుంటే కిందికెళ్లి బోరు పొయ్యాలె."

మర్నాడు ఈ మాట చెప్తే సర్వేయర్ పకపకా నవ్వాడు. "ఇన్నాళ్లూ నిన్ను మావాడివే అనుకున్నా. నువ్వు ఇథియోపియా మనిషివి!"

అక్షరాలా నిజం. ఈజిప్టుకు చేరే నైలు నీళ్లలో దాదాపు 85 శాతం ఇథియోపియా కొండల మీద పడిన వానే. కానీ అక్కడ నీలి నైలు కిలోమీటరుకు మించిన లోతున్న లోయలో పోతుంది. మనుషులేమో పైన ఉంటారు. అడిస్ అబాబా 2,300 మీటర్ల పైనుంది. చల్లగా ఉంటుంది, దోమల జ్వరాలు తక్కువ, టెఫ్ అనే చిరుధాన్యం పండుతుంది. కానీ వాన చాలావరకు మనకు లాగే జూన్, సెప్టెంబరు నడుమ కురిసి పోతుంది. అది తప్పితే ఆ ఏడు కరువే. కింద నది కనిపిస్తుంటుంది, కడివెడు నీళ్లు పైకి రావు. 2011లో మొదలుపెట్టి 2025లో ప్రారంభించిన వాళ్ల పెద్ద డ్యాం కూడా ముఖ్యంగా కరెంటు కోసమే. వాన వీళ్లది, వరద మట్టి మీద వేల ఏళ్లు పంట తీసింది ఈజిప్టు.

ఆఫ్రికా చాలావరకు బోర్లించిన తాంబాళం. మధ్యంతా పీఠభూమి, అంచుల్లో నదులు దబ్బున పడిపోతాయి. కాంగో నది కిన్షాసా దాటాక 350 కిలోమీటర్లలో 270 మీటర్లు దిగుతుంది. సముద్రం నుంచి ఓడ లోపలికి ఎలా పోవాలి? ఇంత కనబడుతుంటే "జనం వెనకబడ్డారు" అని తేల్చేస్తారు. అక్కణ్నుంచి తెల్లవాళ్లు మోసుకుపోయిన సొత్తు లెక్క తీస్తే ఇంకో జవాబవుతుంది, ఇక్కడ వదిలేస్తున్నా.

మన దగ్గరా ఇదే కథ. ధవళేశ్వరం దిగువన డెల్టాలో నేల నది నుంచి అవతలికి వాలుతుంది కాబట్టి 1852లో ఆనకట్ట పూర్తికాగానే నీళ్లు పారాయి. వరంగల్ సముద్రమట్టానికి 260 మీటర్ల పైన. మేడిగడ్డ బ్యారేజీ నిండితే నీటిమట్టం 100 మీటర్లు. అక్కణ్నుంచి మనకు రావాలంటే ఎత్తిపోయాలి. 2019లో ఎత్తిపోశారు, 2023లో పిల్లర్లు కుంగాయి, ఆ రాజకీయం నాకొద్దు. వాలు మీద రావాలంటే పైన పోచంపాడు (శ్రీరాంసాగర్) డ్యాం నుంచే రావాలి. అక్కణ్నుంచి వచ్చే కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు. మొదట్లో ఉన్నవాడు రెండు పంటలు వరి వేస్తాడు, చివర్న ఉన్నవాడు గేట్‌మన్‌కు ఫోన్ చేస్తాడు. కాలువ మొదట్లో ఉన్న ఊళ్లలో పెద్దరికం ఎక్కువని నా గట్టి నమ్మకం, పిల్లనిచ్చేటప్పుడు చూడండి తెలుస్తుంది.

కాకతీయులకు ఈ మట్టాల లెక్క తెలుసు. వాళ్లు గోదారిని నమ్ముకోలేదు. వాన పడినచోటే ఆపారు. పాకాల, లక్నవరం, రామప్ప, ఇంకా ఊరూరికీ గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది. తూము తీసేది, ఎవరి మడికి ఎంతసేపో చూసేది నీరటి. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక కార్లు బారులు తీరుతున్నాయి. ఆ పక్కనే అదే కాలపు చెరువు ఇప్పటికీ పొలాలు పారిస్తోంది, దాని ముందు సెల్ఫీ దిగి వెళ్తారు. హనుమకొండలోనైతే చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, ప్లాట్లు కొని, వానాకాలం ఇంట్లో నీళ్లొచ్చాయని ధర్నా చేస్తారు. వాలు ఎటుందో రిజిస్ట్రేషన్ కాగితంలో ఉండదు మరి.

మీరు గ్రూప్స్‌కు చదువుతూ ఈ ప్రశ్న అడిగి ఉంటే ఇదంతా రాయకండి, మార్కులు పడవు. నైలు పొడవు 6,650 కిలోమీటర్లు, అది బట్టీ పట్టండి.