చూసేవాళ్లు ‘ఇంకొకటి’ అంటున్నప్పుడే పేకను పెట్టెలో పెట్టేయడం గురించి

స్నేహితుల మధ్య, విందుల్లో పేకముక్కలతోనూ నాణేలతోనూ చిన్న చిన్న మ్యాజిక్కులు చేస్తుంటాననీ, మొదట కళ్లార్పకుండా చూసినవాళ్లే కాసేపటికి ఫోన్లు బయటికి తీస్తున్నారనీ, అయినా ‘ఇంకొకటి చేయండి’ అనడం మాత్రం మానడం లేదనీ, అందువల్ల ఎక్కడ ఆపాలో తెలియడం లేదనీ మీరు రాశారు. వేదికలెక్కకుండా ఇలాంటి చిన్న గుంపుల ముందే చాలా ఏళ్లుగా చేస్తున్నవాడిగా నేను చెప్పగలిగింది ఇది: ‘ఇంకొకటి’ అన్న మాటను బట్టి నిర్ణయం తీసుకోకండి. ఆ మాట చాలాసార్లు చప్పట్లకు బదులుగా వచ్చే మర్యాద మాత్రమే. వాళ్ల కళ్లు ఎక్కడ నిలిచాయో గమనించండి.

మొదటి అంశం చేస్తున్నప్పుడు చూసేవాళ్లు ఎక్కువగా మీ ముఖాన్నే చూస్తారు. మీరు ఎటు చూస్తే అటు చూస్తారు. గుస్టావ్ కూన్, మైఖేల్ ల్యాండ్ అనే పరిశోధకులు 2006లో దీన్ని ఒక ప్రయోగంలో చూపించారు. ఇంద్రజాలికుడు బంతిని రెండుసార్లు నిజంగానే పైకి ఎగరేసి, మూడోసారి చేతిలోనే దాచుకుని ఎగరేసినట్టు నటించే వీడియో అది. లేని బంతి వెంట అతని చూపు కూడా పైకి వెళ్లినప్పుడు, చూసినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది బంతి పైకి వెళ్లి మాయమైందని చెప్పారు. అతడు తన చేతినే చూస్తూ ఉండిపోయినప్పుడు అలా చెప్పినవారు మూడింట ఒక వంతు మందే. అంటే మన పనిలో సగం బరువును మోసేది ముఖమే. మూడో అంశమో నాలుగో అంశమో వచ్చేసరికి ఆ అండ పోతుంది. కుర్చీలు ఒక జానెడు ముందుకు జరుగుతాయి, తలలు వంగుతాయి, మీరు ఎంత సరదాగా మాట్లాడుతున్నా చూపులు మీ ఎడమచేతిని వదలవు. అప్పటికి వాళ్లు వింతను చూడడం మానేసి చిక్కుముడి విప్పడం మొదలుపెట్టారన్నమాట. అలా విప్పడం కూడా కొందరికి ఇష్టమే, కాదనను. అయితే అక్కడి నుంచి మీరు గెలిస్తే వాళ్లు ఓడినట్టూ, వాళ్లు గెలిస్తే మీరు దొరికిపోయినట్టూ అవుతుంది. ఏది జరిగినా ఆ పూట సరదా తగ్గుతుంది.

‘అదే మళ్లీ చేయండి’ అన్నది దీనికంటే ప్రమాదకరమైన కోరిక. ఏ మ్యాజిక్‌నైనా మూడుసార్లు చూస్తే కిటుకు పట్టేస్తానని చెప్పుకున్న ప్రసిద్ధ ఇంద్రజాలికుడు హూడినీ ముందు, 1922లో షికాగోలో డై వెర్నన్ అనే పేకముక్కల ఇంద్రజాలికుడు ఒక పేకముక్కపై ఆయన చేతనే పొడి అక్షరాలు రాయించి, దాన్ని పైనుంచి రెండోదిగా పెట్టి, మరుక్షణమే పైముక్కగా చూపించాడు. మూడు దాటి ఇంకా ఎన్నిసార్లు చూపించినా హూడినీకి అంతు పట్టలేదు. ఈ ఉదంతం విని ‘మళ్లీ మళ్లీ చేసినా ఫర్వాలేదు’ అనుకునేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. నాకు మాత్రం ఇందులో వేరే సంగతి కనిపిస్తుంది. పదేపదే చూపించడం మీదే నడిచే అంశాలు కొన్ని ఉన్నాయి, ఇది అటువంటిది. వాటిలో కూడా ఒక్కో విడతకు పద్ధతి మార్చగలిగినవాడే నిలబడతాడు. ముక్క ఎంచుకోమని, అది ఏదో చెప్పేసే మామూలు అంశాన్ని రెండోసారి చేస్తే, ముగింపు ముందే తెలిసినవాళ్లకు దారిని వెతకడం తప్ప ఇంకేం పని మిగులుతుంది?

ఎక్కడ ఆపాలో నాకు తెలిసేది ఇలా. సంతకం చేసిన ముక్క మడతలు పడి ఇంకెక్కడో బయటపడే అంశంతో నేను సాధారణంగా ముగిస్తాను. సంతకం చేసినవారు ఆ మడతలు విప్పి చూసి, వెంటనే నవ్వరు. అక్షరాల మీద బొటనవేలితో ఒకసారి రుద్ది చూస్తారు, పక్కవారికి ఇస్తారు. ‘నువ్వు సంతకం పెట్టింది దీని మీదేనా?’ అని వాళ్లు అడుగుతారు, ఇక ఇద్దరికీ వాదన మొదలవుతుంది. ఆ సమయంలో నా వైపు ఎవరూ చూడరు. నేను మాట్లాడితే ఆ వాదన తెగిపోతుంది కాబట్టి నోరు మూసుకుని, మిగిలిన పేకను అట్టపెట్టెలో పెట్టి, పెట్టెను జేబులో వేసుకుంటాను. బల్ల మీద వదిలేస్తే దాన్ని ఎవరో ఒకరు తీసి లెక్కపెట్టడం మొదలుపెడతారు, లేదా ఖాళీ చేతులు చూసి నాకే ఇంకొకటి చేయాలనిపిస్తుంది. (రెండో ప్రమాదమే పెద్దది.) సంతకం ఉన్న ముక్కను వాళ్లకే ఇచ్చేస్తే పేకలో ఒక ముక్క తక్కువైనట్టే కాబట్టి, ‘ఇక దీనితో ఏమీ చేయలేను’ అనడానికి నిజమైన కారణం కూడా దొరుకుతుంది.

ఇది సాధ్యం కావాలంటే చివరి అంశాన్ని మొదటిదానికంటే ముందే నిర్ణయించుకోవాలి. గుంపును బట్టి రెండు, మహా అయితే మూడు అంశాలు నాకు చాలు. తెలిసినవన్నీ ఒకే పూట చూపించాలన్న తాపత్రయం కొత్తగా నేర్చుకున్నవాళ్లలో బలంగా ఉంటుంది, అది సహజమే. కానీ మీకు ఇరవై అంశాలు వచ్చునన్న సంగతి చూసేవాళ్లకు అక్కర్లేదు, మరునాడు ఇంకొకరికి చెప్పుకోవడానికి వాళ్లకు ఒకటి చాలు.

మధ్యలో ఆపాల్సి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది మీరు అడగలేదు గాని, అదీ ఇందులో భాగమే. భోజనానికి పిలుపు వస్తుంది, పసిబిడ్డ ఏడుస్తుంది, కొత్తవాళ్లు గదిలోకి వస్తారు. ముగింపు ఏమిటో ముందుగా ప్రకటించకుండా ఉంటే, ఎక్కడ ఆగినా అదే ముగింపులా కనిపిస్తుంది: వాళ్లు తలచుకున్న ముక్కను జేబులోంచి తీయాలని మీరు అనుకున్నా, అది ఏదో చెప్పేసి అక్కడితో ఊరుకోవచ్చు. ‘ఇప్పుడు ఈ ముక్క మీ పర్సులోకి వస్తుంది చూడండి’ అని ముందే అనేసినవారికి ఆ వెసులుబాటు ఉండదు. ఇక, చేతికి ముక్క ఇస్తే ఇబ్బందిగా ముఖం తిప్పుకునేవారి దగ్గర మొదలుపెట్టకపోవడమే మంచిది.

అయినా పట్టుబట్టేవాళ్లు ఉంటారు. వాళ్లకు ‘ఇవాళ్టికి ఇంతే తెచ్చాను’ అని చెప్పి, వెంటనే వాళ్ల విషయం ఏదైనా అడుగుతాను. ‘ఎలా చేశారు?’ అన్న పిల్లలకు ఆ పూట జవాబు చెప్పను. తర్వాత ఎప్పుడో తమంతట తామే వచ్చి అడిగితే మాత్రం, చేతి నైపుణ్యం అవసరం లేని ఇరవై ఒక్క ముక్కల అంశం నేర్పుతాను. మూడు వరుసలుగా ఏడేసి ముక్కలు పరచడం, ఎదుటివారు తలచిన ముక్క ఉన్న వరుసను అడిగి తెలుసుకుని దాన్ని మిగతా రెండింటి మధ్యన చేర్చడం, అలా మూడుసార్లు చేస్తే ఆ ముక్క పదకొండో స్థానానికి రావడం, అంతా లెక్కే. నేర్పేటప్పుడు పేక వాళ్ల చేతిలోనే ఉంటుంది, నేను ముక్క తలచుకుని కూర్చుంటాను.