ఐసీయూలో కొత్తగా చేరే నర్సు ముందు నేర్చుకోవాల్సింది సిరంజి పంప్

ప్రశ్న ఇది: "బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది. వచ్చే నెల విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో చేరుతున్నాను. వెంటిలేటర్ అంటే చచ్చేంత భయం. చేరేలోపు ఏం చదువుకోమంటారు?"

వెంటిలేటర్ కోసం ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకండి. మోడ్ పెట్టేదీ మార్చేదీ డాక్టరే. అలారం మోగగానే రోగి ఛాతీ లేస్తోందా, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎంతుంది అని చూడండి. ఛాతీ లేవకపోతే సర్క్యూట్ విప్పి, నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్‌కి తగిలించిన అంబూ బ్యాగ్‌తో ఊపిరి ఇస్తూ గట్టిగా కేకేయండి. ఊపిరి ట్యూబు జారిందా, కఫం అడ్డుపడిందా, న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) వచ్చిందా, మిషన్‌లోనే తేడా ఉందా అన్నది మనుషులు వచ్చాక తేలుతుంది. మొదటి నెలకి ఇంత చాలు.

నన్నడిగితే మీరు భయపడాల్సింది సిరంజిని కొద్దికొద్దిగా తోస్తూ మందు ఎక్కించే సిరంజి పంప్‌కి, అందులోనూ నోరాడ్ (బీపీ నిలబెట్టే నోర్‌అడ్రినలిన్) ఎక్కుతున్న పంప్‌కి. వెంటిలేటర్ తేడా వస్తే అరుస్తుంది. నోరాడ్ తప్పు కలిపినా, తప్పు స్పీడ్‌లో పెట్టినా పంప్‌కి తెలియదు.

ముందు లెక్క. 2 మి.గ్రా. ఆంప్యూల్స్ రెండు తీసుకుని 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో 50 మి.లీ. చేస్తే ఒక్కో మి.లీ.లో 80 మైక్రోగ్రాములుంటాయి. ఆంప్యూల్ మీద బిటార్ట్రేట్ (లవణం రూపం) ఎంత, బేస్ (అసలు మందు) ఎంత అని రెండు అంకెలు కనబడొచ్చు. 2 మి.గ్రా. బిటార్ట్రేట్ అంటే 1 మి.గ్రా. బేసే. ఇక్కడ పొరబడితే డోసు సగమో రెట్టింపో అయిపోతుంది. మనిషి 60 కిలోలు, ఆర్డరు కిలోకి నిమిషానికి 0.3 మైక్రోగ్రాములు అనుకుందాం. నిమిషానికి 18, గంటకి 1080 మైక్రోగ్రాములు. 80తో భాగిస్తే గంటకి 13.5 మి.లీ. అదే 8 మి.గ్రా. డబుల్ స్ట్రెంగ్త్ కలిపితే 6.75. పాత సిరంజి సింగిల్, కొత్తది డబుల్ అయ్యి, పంప్ మీద అంకె మార్చకపోతే ఏమవుతుందో మీరే ఊహించండి. అందుకే లేబుల్ మీద "నోరాడ్" అని రాసి వదిలేయకూడదు. ఎన్ని మి.గ్రా., ఎన్ని మి.లీ.లో, ఏ టైముకి, ఎవరు కలిపారు అన్నీ ఉండాలి.

ఇప్పుడు ఆ సిరంజి రాత్రి 11:20కి మొదలైందనుకోండి. 13.5 స్పీడ్‌లో 50 మి.లీ. సుమారు 3 గంటల 40 నిమిషాలు వస్తుంది. అంటే సరిగ్గా తెల్లవారుజామున మూడింటికి అయిపోతుంది. ఖాళీ కాబోతోందని పంప్ ముందే మోగుతుంది. కొత్త సిస్టర్ సైలెంట్ నొక్కి, పక్క బెడ్‌కి సక్షన్ చేయడానికి (కఫం లాగడానికి) వెళ్తుంది. తిరిగొచ్చేసరికి సిరంజి ఖాళీ. అప్పుడు ఆంప్యూల్స్ వెతికి, కలిపి, పాత సిరంజి తీసి కొత్తది బిగిస్తుంది. ఈ మందు హాఫ్ లైఫ్ (ఒంట్లో సగానికి తగ్గే సమయం) రెండు నిమిషాలకి కాస్త అటూ ఇటూ, కాబట్టి ఈలోపే 110 ఉన్న బీపీ 60కి జారిపోతుంది. కొత్త సిరంజి బిగించినా వెంటనే మందు వెళ్లదు. పంప్ తోసే గుబ్బకీ సిరంజి ప్లంజర్‌కీ మధ్య చిన్న సందు ఉంటుంది, అది పూడేదాకా మోటారు తిరుగుతున్నా చుక్క కదలదు. బీపీ లేవట్లేదని కంగారులో స్పీడ్ 25కి పెంచుతారు, ఇంకొకరొచ్చి అదే లైన్‌లో సెలైన్ ఫ్లష్ కొడతారు. లైన్‌లో 1 మి.లీ. మందు ఉంటే అందులో 80 మైక్రోగ్రాములు. అంటే దాదాపు నాలుగున్నర నిమిషాల డోసు ఒక్క తోపుతో గుండెకి చేరుతుంది. బీపీ 220 అవుతుంది. అటు 60, ఇటు 220, పది నిమిషాల్లో రెండు ప్రమాదాలు.

దీన్ని తప్పించడానికి చేయాల్సిన పని 2:20కే మొదలవ్వాలి. కొత్త సిరంజి కలిపి లేబుల్ అంటించి రెండో పంప్‌లో లోడ్ చేయండి. పంప్ స్క్రీన్ మీద సిరంజి కంపెనీ పేరు సరిపోయిందో లేదో చూడండి. పంప్ లెక్కేసేది సిరంజి లోపలి వ్యాసాన్ని బట్టి, కంపెనీ మారితే అది మారుతుంది, స్క్రీన్ మీద 13.5 అనే ఉన్నా లోపల వెళ్లేది వేరు. తర్వాత ఎక్స్‌టెన్షన్ లైన్ రోగికి తగిలించకుండా పర్జ్ (మందుని వేగంగా ముందుకి తోసే బటన్) నొక్కండి, కొసన చుక్క పడాలి. ఇందాక చెప్పిన సందు దీంతో పూడిపోతుంది. అప్పుడు త్రీ-వే (లైన్‌లో ఉండే మూడు దారుల కుళాయి)కి తగిలించి, పాతది నడుస్తుండగానే కొత్తది అదే స్పీడ్‌లో మొదలుపెట్టండి. కళ్లు మానిటర్ మీద ఉండాలి. మీన్ ప్రెషర్ (సగటు బీపీ) ఒక 5 పెరగడం కనిపించిందంటే కొత్త మందు అందుతున్నట్టే, పాత పంప్ ఆపండి. త్రీ-వే మూసేశాకే పాత సిరంజిని పంప్ నుంచి తీయాలి. మూయకుండా తీస్తే, పంప్ రోగి కంటే ఎత్తులో ఉన్నప్పుడు సిరంజిలో మిగిలింది దానంతటదే జారి లోపలికి పోతుంది. నోరాడ్ వెళ్తున్న ల్యూమెన్ (కాథెటర్‌లోని దారి)లో ఇంకే ఇంజెక్షనూ ఇవ్వకూడదు. ఎంత అర్జెంటైనా సరే.

బీపీ అంకెని నమ్మే ముందు ఒక మాట. ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టి బీపీ చూసే గొట్టం) ఉంటే ట్రాన్స్‌డ్యూసర్ (ఆ ప్రెషర్ కొలిచే పరికరం) నాలుగో పక్కటెముకల సందు దగ్గర, చంక మధ్య గీత మీద, గుండె ఎత్తులో ఉండాలి. స్పంజింగ్ కోసం బెడ్ పైకి లేపి, స్టాండ్‌కి కట్టిన ట్రాన్స్‌డ్యూసర్‌ని అక్కడే వదిలేస్తే 10 సెంటీమీటర్లకి సుమారు 7.5 చొప్పున బీపీ ఎక్కువ చూపిస్తుంది. మీన్ 65 ఉందనుకుని నోరాడ్ తగ్గిస్తారు, అసలు ఉన్నది 57.

ఇక ఓవర్ (డ్యూటీ మారేటప్పుడు రోగిని అప్పగించడం) సంగతి. స్టేషన్ దగ్గర కుర్చీలో కూర్చుని ఫైల్ చూసి ఓవర్ ఇచ్చి వెళ్లిపోయే అలవాటు చాలాచోట్ల ఉంది. నాకు దీని మీద చాలా కోపం. బస్సు టైమైపోతోందని వెళ్లేవాళ్లు తొందరపెడతారు, కొత్తవాళ్లు మొహమాటపడి సరే అంటారు. పడకండి. "అక్కా, ఒక్కసారి బెడ్ దగ్గరికి రండి" అని తీసుకెళ్లండి. ట్యూబు పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్లో చూడండి (మామూలుగా ఆడవాళ్లకి 21, మగవాళ్లకి 23). కఫ్ (ట్యూబు చుట్టూ ఉండే గాలి బుడగ) ప్రెషర్ 20 నుంచి 30 సెం.మీ. నీటి మధ్య ఉందా, అంబూ బ్యాగ్ బెడ్ దగ్గరే ఉందా, సక్షన్ లాగుతోందా? ఆ తర్వాత ప్రతి పంప్ నుంచి రోగి ఒంటిదాకా లైన్‌ని చేత్తో పట్టుకుంటూ రండి. మూసి ఉన్న త్రీ-వే, దుప్పటి కింద ఊడిన లైన్, పెరిఫెరల్ (చేతి నరంలో పెట్టిన సూది) దగ్గర తెల్లబడి ఉబ్బిన చర్మం చేతికే దొరుకుతాయి, ఫైల్‌లో దొరకవు.

ఇన్సులిన్‌తో కూడా జాగ్రత్త. మన దగ్గర మి.లీ.కి 40 యూనిట్ల వయల్సూ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 50 మి.లీ. సెలైన్‌లో 50 యూనిట్లు కలపాలంటే 40 దాంట్లో 1.25 మి.లీ., 100 దాంట్లో అర మి.లీ. తీయాలి. ఎర్ర మూత సిరంజి 40కి, ఆరెంజ్ మూతది 100కి. పొటాషియం క్లోరైడ్ 10 మి.లీ. ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లుంటాయి. దాన్ని కలపకుండా ఎప్పుడూ ఇవ్వకూడదు, డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్స్ ఉన్న ట్రేలో పెట్టకూడదు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఇంకొకటి ఉంది. పల్నాడు, గుంటూరు పల్లెల నుంచి పురుగుల మందు కేసులు వస్తుంటాయి. రోగితో వచ్చినవాళ్లు కంగారులో "మందు తాగాడు" అంటారు. సారాయా, పురుగుల మందా, గడ్డి మందా అని విడమర్చి అడగండి, సీసా తెప్పించండి. ఆర్గనోఫాస్ఫేట్ (ఒక రకం పురుగుల మందు) అయితే గ్లవ్స్ వేసుకుని బట్టలు తీసేసి, జుట్టుతో సహా సబ్బుతో కడగాలి. దానికి విరుగుడైన అట్రోపిన్ ఆంప్యూల్‌లో 0.6 మి.గ్రా.యే ఉంటుంది. 3 మి.గ్రా. ఇవ్వాలంటే 5 ఆంప్యూల్స్. ఊపిరితిత్తులు తేటపడకపోతే 5 నిమిషాలకి డోసు రెట్టింపు, అంటే 10, ఆ పైన 20. కేసు వస్తోందని ఫోన్ రాగానే ఫార్మసీకి చెప్పకపోతే మధ్యలో మందు ఆగిపోతుంది. కడుపులో శబ్దాలు ఆగిపోయి, ఒళ్లు కాలిపోతూ, మనిషి మంచం మీద పెనుగులాడుతుంటే అట్రోపిన్ ఎక్కువైందని డాక్టరుకి చెప్పండి. గడ్డి మందుల్లో పారాక్వాట్ అయితే అలవాటుగా ఆక్సిజన్ మాస్క్ పెట్టేయకండి, ఊపిరితిత్తులు ఇంకా త్వరగా పాడవుతాయి. శాచురేషన్ బాగా పడిపోయి డాక్టరు చెబితేనే పెట్టాలి.

చేరిన రోజే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడిగి చిన్న పుస్తకంలో రాసుకోండి: మన యూనిట్‌లో నోరాడ్ ఎన్ని మి.గ్రా. కలుపుతారు, ఇన్సులిన్ వయల్ ఏది, స్పేర్ పంప్ ఎక్కడుంటుంది, రాత్రి మూడింటికి డాక్టరు ఫోన్ ఎత్తకపోతే తర్వాత ఎవరికి చేయాలి.