నలభై నిమిషాల ఫోనులో తప్పు పట్టింది ఒక్క నిమిషమే

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. దివిసీమను సముద్రం సగం మింగేశాక, 2140లో అక్కడి జనం ఎలా బతుకుతారో ఊహిస్తూ మూడేళ్ళు కష్టపడి నవల రాశాను. సొంత డబ్బుతో 500 కాపీలు వేయించాను, కట్టలు మా మంచం కిందే ఉన్నాయి. ఒక పత్రికలో సమీక్షకుడు 'ఇలాంటి ఊహలు మన నేలకు అతకవు, ఆడవాళ్ళంతా ఒకే గొంతుతో మాట్లాడతారు' అని రాశారు. నాగాయలంక నుంచి ఒక పెద్దాయన పొద్దున్నే ఫోన్ చేసి, నలభై నిమిషాలు 1977 ఉప్పెన గురించి మాట్లాడి, చివర్లో, నా నవలలో అష్టమి నాటి పోటుకు నీళ్ళు గుమ్మం ఎక్కే చోటు గురించి 'అష్టమి నాడు అంత పోటు రాదమ్మా' అని తప్పు పట్టారు. ఫిజిక్స్ చెప్పేదాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆడపడుచు 'ఆ డబ్బుతో చెవులకి ఏమైనా కొనుక్కోవాల్సింది' అంటోంది. మా ఆయన ఇంకా చదవలేదు. రెండో నవల నలభై పేజీల దగ్గర ఆగిపోయింది. నెల రోజులుగా నిద్ర సరిగా లేదు. రాయడం మానేస్తే మనశ్శాంతి దొరుకుతుందా?
- ఒక సోదరి, మచిలీపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆ పెద్దాయన మీద నాకూ కాస్త కోపం వచ్చింది. రెండోసారి లెక్క వేశాను. అష్టమి మాట ఎంతసేపు? మీరే 'చివర్లో' అన్నారు. మహా అయితే ఒక నిమిషం. మిగతా ముప్పై తొమ్మిది నిమిషాలూ ఆయన నవంబరు 19 రాత్రిని మీ ముందు పరిచారు. ఆ రాత్రి దాటి బతికిన మనిషి, ముక్కూమొహం తెలియని వాళ్ళతో దాని గురించి అంతసేపు మాట్లాడారంటే మామూలు విషయం కాదు. మీ నవలలో నీళ్ళు గుమ్మం ఎక్కే చోట ఆయనకు తన గుమ్మం కనిపించి ఉంటుంది. మీరు కట్టిన ఊరిని నమ్మారు కాబట్టే అందులో తిథి తప్పితే కంట్లో నలుసులా తగిలింది. నమ్మకపోతే పుస్తకం మూసేసి ఊరుకునేవారు.

అయితే తప్పు తప్పే. అమావాస్యకీ పున్నానికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి లాగుతారు, పోటు పెద్దది. అష్టమికి చెరో వైపూ లాగుతారు, పోటు చిన్నది. ఇది నాకన్నా మీకే బాగా తెలుసు. రాసే వేడిలో జారిపోయింది, అంతే.

మీకంటే పెద్దగా జారినవాళ్ళున్నారు. అమెరికన్ రచయిత లారీ నివెన్ 1970లో 'రింగ్‌వరల్డ్' నవల వేశాడు. హీరో తన పుట్టినరోజును పొడిగించుకోవాలని అర్ధరాత్రి కంటే ముందుగా ఊరి నుంచి ఊరికి దూకుతుంటాడు. దూకాల్సింది పడమరకి. మొదటి ముద్రణలో తూర్పుకి దూకించాడు! అంటే మొదటి అధ్యాయంలోనే భూమిని వెనక్కి తిప్పేశాడన్నమాట. తర్వాతి ముద్రణలో దిద్దుకున్నాడు. అక్కడితో అయిపోలేదు. నక్షత్రం చుట్టూ పట్టీలా కట్టిన ఆ కృత్రిమ లోకం నిలకడగా ఉండదని 1971లో సైన్స్ ఫిక్షన్ మహాసభలో ఇంజనీరింగ్ విద్యార్థులు వరండాల్లో తిరుగుతూ నినాదాలు చేశారు. ఆయన మొహం చాటేయలేదు. ఆ లోకాన్ని నిలబెట్టే ఏర్పాటు ఆలోచించి, అదే ఆధారంగా ఆ కథకు కొనసాగింపు నవల రాశాడు. మీ అష్టమిని పున్నం చెయ్యడానికి ఒక్క మాట మారిస్తే చాలు. లేదా అష్టమి నాడే అంత పోటు ఎందుకొచ్చిందన్నది మీ రెండో నవలకు కథ కావచ్చేమో. అది మీ పని, నాది కాదు.

ఇక సమీక్ష. రెండు మాటల్నీ ఒకే మూటగా కట్టి నెత్తిన పెట్టుకున్నారు. విప్పండి. 'మన నేలకు అతకవు' అన్నది మీ పుస్తకం గురించి కాదు, ఆయన అభిరుచి గురించి. ఇంకా పుట్టని వాడి కథను బ్రహ్మ చేత సరస్వతికి ముందే చెప్పించిన పింగళి సూరన మనవాడే. పదహారో శతాబ్దపు ఆ 'కళాపూర్ణోదయం' కావ్యాన్ని 1914లో విమర్శకుడు కట్టమంచి రామలింగారెడ్డి ఎంతో శ్రద్ధగా పట్టించుకున్నారు. ఊహ ఈ నేలకు కొత్త కాదు.

'ఒకే గొంతు' అన్నమాట మాత్రం పారేయకండి. ఒకసారి సంభాషణల పక్కన పేర్లు చేత్తో మూసి, పైకి చదివి చూడండి. పడవ నడిపే మనిషీ, డాక్టరమ్మా, అవ్వా వేరువేరుగా వినిపిస్తే ఆయనదే తప్పు. వినిపించకపోతే ఆయన మీకు ఉచితంగా పాఠం చెప్పారు. ఇవాళే తేల్చుకోనక్కర్లేదు. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1969 నవలలో స్థిరమైన ఆడామగా తేడా లేని మనుషుల్ని సృష్టించి, అందరినీ 'అతడు' అనే రాసింది. అభ్యంతరాలు వచ్చాయి. 1976లో వ్యాసం రాసి తనను తాను సమర్థించుకుంది. 1987లో అదే వ్యాసం పక్కన, తన పట్టుదల తప్పని ఒప్పుకుంటూ వ్యాఖ్య చేర్చింది. పదకొండేళ్ళు పట్టింది. (తెలుగులో అయితే 'వచ్చాడు, వచ్చింది' దగ్గరే చిక్కుపడేది పాపం.)

ఇప్పుడు అసలు సంగతి. ఉత్తరంలో అందరి మాటలూ వివరంగా రాశారు. 'మా ఆయన ఇంకా చదవలేదు' అన్నది మాత్రం నాలుగే నాలుగు మాటల చిన్న వాక్యం. దాని చుట్టూ ఫిర్యాదు లేదు, ఏడుపు లేదు. నాకు అక్కడే నొప్పి కనిపించింది. కట్టలు మంచం కింద ఉన్నాయి, ఆయన ఆ మంచం మీదే పడుకుంటున్నారు. ఆయనకు నవలలంటే ఆసక్తి లేకపోవచ్చు, చదివి బాగాలేదనాల్సి వస్తుందేమోనన్న భయమూ ఉండొచ్చు. మీరు అడిగారా? పుస్తకం చేతిలో పెట్టి, అలిగి వంటింట్లోకి వెళ్ళడం అడగడం కాదు. నీళ్ళు గుమ్మం ఎక్కే అధ్యాయం ఒక్కటీ తీసి, 'ఇది మీరు చదవాలని నాకుంది, ఎలా ఉందో చెప్పక్కర్లేదు' అనండి. అప్పటికీ చదవకపోతే దాని మీద ఆయనతో తగాదా పెట్టుకోండి, సమీక్షకుడితో కాదు. ఆడపడుచు మాటకు నవ్వేసి ఊరుకోండి, ఏ పుస్తకం వేసినా ఆ మాట అనేవారు ఇంటికొకరుంటారు.

మానేస్తే మనశ్శాంతి దొరుకుతుందా అంటే, నలభై పేజీలు సొరుగులో ఉంచుకుని దొరకదనే నా అనుమానం. రెండు వారాలు విరామం ఇవ్వండి. నిద్ర అప్పటికీ దారికి రాకపోతే డాక్టరుకు చూపించండి, దాన్ని సాహిత్యం ఖాతాలో వెయ్యకండి.

నాగాయలంక నంబరు మీ ఫోన్లో ఇంకా ఉండే ఉంటుంది. తిథి దిద్దుతున్నానని చెప్పండి, వాళ్ళ ప్రాంతంలో పోటు వచ్చే ముందు ఏం కనిపిస్తుందో అడగండి. పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి. మధ్యాహ్నం మూడు దాటాక చెయ్యండి, ఆ వయసువాళ్ళు భోజనం చేసి కాసేపు నడుం వాలుస్తారు.