నీ కథలో ఆ లడ్డూ గురించి

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతోపాటు మీ బడి వీడ్కోలు సభ మీద రాసిన కథ అందాయి. "గౌరవనీయులైన గురువుగారికి" అని మొదలుపెట్టావు. నేనెవరికీ పాఠం చెప్పినవాణ్ని కాను, ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసి రిటైరైనవాణ్ని. అయినా మన వైపు తల కాస్త నెరిస్తే చాలు, కిళ్లీ కొట్టు అబ్బాయి కూడా గురువుగారూ అనే పిలుస్తాడు కనుక ఆ పిలుపు ఉంచుకుంటున్నాను.

కథ రెండుసార్లు చదివాను. పదో తరగతి పరీక్షలు ముగిసి నెల తిరగకముందే పదకొండు పేజీలు రాశావు. ఓపిక ఉంది. చేతిరాత కూడా బాగుంది, ఈ రోజుల్లో అది చెప్పుకోవలసిన సంగతే. అయితే ఆ పదకొండు పేజీల్లో తొమ్మిది చోట్ల ఏడుపు ఉంది. లెక్కపెట్టాను. హెడ్మాస్టరుగారు ఏడ్చారు, లెక్కల టీచరు ఏడ్చారు, చివరికి బడి ఆవరణలోని వేపచెట్టు ఆకులు రాల్చి ఏడ్చింది. వేపచెట్టును దయచేసి వదిలెయ్యి. వసంతం వచ్చేముందు అది ఏటా ఆకులు రాలుస్తుంది, ఎవరు పాసైనా, ఎవరు తప్పినా. గూడు విడిచిన గువ్వల్ని కూడా తీసెయ్యి. ఆ గువ్వలు నేను చదువుకునే రోజుల నుంచీ ప్రతి వీడ్కోలు ఉపన్యాసంలోనూ ఎగురుతూనే ఉన్నాయి, వాటికీ రెక్కలు నొప్పి పుట్టి ఉంటాయి.

ఏడో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. ఒక్క వాక్యం. తొమ్మిదో తరగతి పిల్లలు పంచిన పొట్లంలోని లడ్డూని మీ స్నేహితురాలు తినకుండా, కాగితంలో చుట్టి, తమ్ముడి కోసం కొంగున ముడి వేసుకుందని రాశావు. వెంటనే తర్వాతి వాక్యంలో స్పీకరులో పాట మొదలైంది, నువ్వు పాట వెంట పరుగెత్తావు. నేను అక్కడే ఉండిపోయాను.

ఆ చీర ఎవరిది? వీడ్కోలు రోజున ఆడపిల్లలందరూ చీరలు కట్టుకుంటారు, సగానికి సగం అమ్మవో అప్పవో అయి ఉంటాయి, కొన్ని పక్కింటివి. ఎరువు సొమ్ము బరువు చేటని సామెత ఉండనే ఉంది. ఆ లడ్డూ నెయ్యి కాగితం దాటి కొంగుకు అంటిందా? ఇంటికి వెళ్లాక చీర తిరిగి ఇచ్చేటప్పుడు ఏం జరిగింది? ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుంది? నీ ఉత్తరంలో ఎవరెవరు ఎటు వెళుతున్నారో రాశావు. ఒకరు ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు కోసం చూస్తున్నారు, ఇద్దరు విశాఖపట్నంలో హాస్టలున్న కాలేజీకి, ఒకతను పాలిటెక్నిక్‌కి. ఆ జాబితాలో లడ్డూ పిల్ల లేదు. మర్చిపోయావా, తెలియదా, లేక తెలిసీ రాయలేకపోయావా? మూడోదైతే నీ దగ్గర కథ ఉంది.

నా సంగతి ఒకటి చెబుతాను. పెద్దవాళ్లు సొంత కథ ఎత్తుకుంటే పిల్లలు విసుక్కుంటారని తెలుసు, అయినా చెబుతాను.

నేను పదో తరగతి పరీక్ష రాసింది 1983లో. మాది నాగావళి ఒడ్డున ఊరు. ఆ ముందు దీపావళి వెళ్లాక, పరీక్షకు పంపే నామినల్ రోల్సు నింపడానికి క్లాసు మాస్టారు ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచి పుట్టుమచ్చలు చూపించమన్నారు. సర్టిఫికెట్టులో రెండు గుర్తులు ఉండాలి కదా. మీకూ ఇది జరిగే ఉంటుంది, నీ కథలో ఎందుకు లేదో మరి. నా ఒంటి మీద ఒక్కటీ దొరకలేదు. మోచేతులు తిప్పాను, చొక్కా గుండీలు విప్పాను, క్లాసంతా నవ్వారు. నా వెనక బెంచీవాడు లేచి, "వీడి మెడ వెనక ఉందండీ, జుట్టు కింద" అన్నాడు. అయిదేళ్లుగా నా వెనకే కూర్చున్నవాడు. నా మెడ వెనక ఏముందో మా అమ్మకు తెలిసి ఉండవచ్చు, నాకు మాత్రం తెలియదు, వాడికి తెలుసు. మాస్టారు రాసుకున్నారు. రెండో గుర్తు కింద మోకాలి మీది గాయపు మచ్చ వేశారు. అది జీడిమామిడి చెట్టు మీంచి పడినప్పటిది, ఆ రోజు నన్ను తోసింది కూడా వాడే.

మా వీడ్కోలు సభ నాకిప్పుడు దాదాపు గుర్తులేదు. అరటిపండు, కారప్పూస, గ్రూపు ఫొటో. ఫొటోకి డబ్బు కట్టలేనివాళ్లు ఫొటోలో ఉన్నారు గానీ వాళ్ల ఇళ్లలో ఆ ఫొటో లేదు. అంతకన్నా ఏమీ తేలదు. చివరి పరీక్ష రోజున తెల్లచొక్కాల మీద సిరా చల్లుకున్నాం. ఆ చొక్కానే వచ్చే ఏడాదికీ కావలసినవాళ్లు దూరంగా గోడ ఎక్కి కూర్చున్నారు.

ఫలితాలు అప్పట్లో దినపత్రికలో వచ్చేవి. పేర్లు ఉండవు, నంబర్లే. మొదటి బస్సులో పత్రిక వచ్చేవరకు టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాం. వాడు పత్రిక బల్ల మీద పరిచి, వేలు పెట్టి వరస వెంట దిగుతూ, "నీది ఉందిరా" అన్నాడు. ముందు నాది వెతికాడు. తర్వాత వాడిది వెతికాడు. ఫస్టు క్లాసులో లేదు, సెకండులో లేదు, థర్డులోనూ లేదు. మళ్లీ మొదటినుంచి దిగాడు. ఈసారి వేలు తొందరపడలేదు. అయ్యాక పత్రికను మడతలు కలిపి, ఎలా వచ్చిందో అలా, కొట్టతనికి ఇచ్చేశాడు.

అప్పుడు విశాఖలో ఉక్కు కర్మాగారం కడుతున్నారు. మన పల్లెల నుంచి ఎందరో కూలీలుగా వెళ్లారు, వారం తిరక్కుండా వాడూ వెళ్లాడు. వెళ్లే రోజున మా ఇంటికి వచ్చాడట, నేను లేను. నా కంపాస్ పెట్టె వాడి దగ్గర ఉండిపోయింది, అది మా అమ్మకి ఇచ్చి వెళ్లాడు. తెరిచి చూస్తే పెన్సిలు కొత్తగా చెక్కి ఉంది.

మా వీడ్కోలు జరిగింది ఆ రోజు. సభ జరిగి అప్పటికి మూడు నెలలు కావస్తోంది.

ఇదంతా చేతిలో ఉండగా నేను రాసిన మొదటి కథ దేని గురించి అనుకున్నావు? వీడ్కోలు సభ గురించే. సాయంసంధ్య, గద్గద స్వరం, అన్నీ వేశాను. ఒక వారపత్రికకు పంపితే మర్యాదగా తిప్పి పంపారు. అవమానంగా తోచి సంపాదకుణ్ని చాలాకాలం మనసులో తిట్టుకున్నాను. కంపాస్ పెట్టె గురించి రాయడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. నువ్వు అన్నేళ్లు ఆగనక్కర్లేదనే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ఇంకొక్క విషయం. మీ ఊళ్లో అప్పా అని పిలిచే పిల్ల నీ కథలో అక్కా అంటోంది. ఎందుకు? పిల్లలు మాట్లాడుకునే చోట వాళ్ల మాటే రాయి. కథ నడిపే భాష నీ ఇష్టం, కొటేషన్ల మధ్యది మాత్రం వాళ్లది. అచ్చులో పరాయిగా కనిపిస్తుందని భయపడకు. సందేహముంటే ఒక ఆదివారం బస్సెక్కి ఇక్కడికి రా. మీ విజయనగరం జిల్లా 1979లో మా జిల్లా నుంచి కొంత పట్టుకుని విడిపోయింది గానీ బస్సులు ఆగలేదు కదా. కథకుడు కాళీపట్నం రామారావుగారు, అదే మన కారా మాస్టారు, 1997లో తెరిచిన కథల గ్రంథాలయం, కథానిలయం, ఈ ఊళ్లోనే ఉంది. ఆయన లెక్కల మాస్టారు, తెలుగు కథల్ని లెక్క తప్పకుండా పోగు చేయించారు. అక్కడ పాత పత్రికలు తిరగేస్తే, మన ఊళ్ల మాటలతో ఎంత మంది ధీమాగా కథలు రాశారో నువ్వే చూస్తావు. మా ఇంట్లో భోజనం చేసి సాయంత్రం బస్సుకి వెళ్లిపోవచ్చు.

మళ్లీ రాసేటప్పుడు మొదటి మూడు పేజీలు పక్కన పెట్టు. ఏడో పేజీతో మొదలుపెట్టి చూడు. కాగితానికి ఒకవైపే రాయి, నా కళ్లు మునుపటిలా లేవు. లడ్డూ ఆ పిల్లవాడికి చేరిందో లేదో మాత్రం కనుక్కుని రాయి. కనుక్కోవడానికి వాళ్లింటికి వెళ్లవలసి వస్తే, వెళ్లు.

మీ అమ్మానాన్నలకు నమస్కారాలు.

ఇట్లు,
నీ గురువుగారు
(నువ్వన్నావు కాబట్టి)