రాత్రి ఒంటిగంట దాకా షార్ట్స్... టైమర్ పెడితే తీసేస్తున్నాడు

ప్రశ్న: మాది ఖమ్మం. మా బాబుకి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. స్కూలువాళ్లు హోంవర్కు వాట్సాప్‌లో పెడుతున్నారని నా పాత ఫోను ఇచ్చాం. రాత్రి ఒంటిగంట దాకా దుప్పట్లో యూట్యూబ్ షార్ట్స్ చూస్తున్నాడు. రోజుకు 30 నిమిషాలని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో టైమర్ పెడితే మర్నాడే తీసేశాడు. మావారు ఫోను లాక్కుంటే ఆ రాత్రి అన్నం మానేశాడు. చదువుకు పనికొచ్చే యాప్‌లు ఉంటాయంటున్నారు, అవైనా పెట్టమంటారా?

జవాబు: టైమర్ తీసేయడానికి మీవాడికి తెలివితేటలేమీ అక్కర్లేదమ్మా. డిజిటల్ వెల్‌బీయింగ్ ఎవరి ఫోనుకు వాళ్లు హద్దు పెట్టుకోవడానికి ఉన్నది. దానికి మామూలుగా పాస్‌వర్డ్ ఉండదు, సెట్టింగ్స్ తెరవగలిగిన ఎవరైనా తీసేయొచ్చు. తల్లిదండ్రుల చేతిలో తాళం ఉండేది ఫ్యామిలీ లింక్ అనే గూగుల్ యాప్‌లో.

అయితే అది ఇప్పుడున్న ఫోనులో పనిచేయదు. పాత ఫోనులో ఇంకా మీ జీమెయిలే ఉండి ఉంటుంది. గూగుల్ లెక్కలో ఆ ఫోను వాడుతున్నది పెద్దావిడ, కాబట్టి వయసు కట్టుబాట్లేవీ వర్తించవు. ముందు మీ ఫొటోలు భద్రం చేసుకుని, ఫోన్‌పే లాంటివి తీసేసి, ఫోనును రీసెట్ చేయండి. బాబు అసలు పుట్టినతేదీతో కొత్త అకౌంట్ తెరవండి. 13 దాటినవాడిని ఫ్యామిలీ లింక్‌లో చేర్చాలంటే వాడు తన పాస్‌వర్డ్ కొట్టి ఒప్పుకోవాలి. చాలామందికి ఇది అడ్డంకిలా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో అందులో ఉన్న మంచి అదే. చాటుగా పెట్టలేరు కాబట్టి కూర్చుని మాట్లాడక తప్పదు.

ఆ మాట రాత్రి గొడవ మధ్యలో కాకుండా ఆదివారం భోజనాలయ్యాక, మీవారు కూడా ఉన్నప్పుడు ఎత్తండి. "ఫోను లాక్కోం. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున ఆరు దాకా ఆగిపోతుంది. మిగతా లెక్క నువ్వు చెప్పు" అనండి. యూట్యూబ్ గంటన్నర కావాలంటాడు. బడి ఉన్న రోజుల్లో 45 నిమిషాలు, ఆదివారం గంటన్నర దగ్గర తేలితే చాలు, ఒప్పేసుకోండి. నిద్ర వేళ మాత్రం బేరానికి పెట్టొద్దు. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి.

తొమ్మిదిన్నరను ఫ్యామిలీ లింక్‌లో డౌన్‌టైమ్‌గా, అంటే ఫోను ఆగిపోయే వేళగా పెట్టండి. యూట్యూబ్‌కు విడిగా యాప్ లిమిట్ పెట్టండి. ఎక్కువమంది ఇక్కడితో ఆగిపోతారు, వారం తిరక్కుండానే పిల్లలు క్రోమ్‌లో యూట్యూబ్ తెరుస్తారు. కాబట్టి క్రోమ్‌లో ఆ సైటును బ్లాక్ చేసి, మిగతా బ్రౌజర్లు కూడా ఆపేయండి. వాట్సాప్‌ను "ఎప్పుడూ అనుమతి" జాబితాలో పెట్టొద్దు, అందులో వచ్చిన వీడియో లింకు అక్కడే నడుస్తుంది. క్లాసు గ్రూపును మీ ఫోనులోకి మార్చుకోండి. ఏడింటికి వాడొచ్చి హోంవర్కు డైరీలో రాసుకుంటే సరిపోతుంది.

ఫోను ఛార్జింగ్ హాల్లోనే. "అలారం కోసం పక్కన ఉండాలి" అంటాడు, ఓ చిన్న అలారం గడియారం కొనివ్వండి. మీవారి ఫోను కూడా అదే ప్లగ్గు దగ్గర ఉండాలి. నాన్న మంచం మీద రీల్స్ చూస్తుంటే పద్నాలుగేళ్లవాడు ఈ నియమాన్ని ఒక్కరోజు కూడా ఖాతరు చేయడు.

చదువు యాప్‌ల విషయానికొస్తే, పది పెట్టకండి, ఒకటి చాలు. ఆంకీడ్రాయిడ్ అని, ముందు ప్రశ్న, వెనక జవాబు ఉండే కార్డులతో చదివించే యాప్ ఉంది. ఉచితం, తెలుగులోనూ కార్డులు రాసుకోవచ్చు. గుర్తున్న కార్డును రోజుల ఎడం పెంచుకుంటూ, మరిచిన దాన్ని వెంటనే మళ్లీ అడుగుతుంది. తప్పంతా కార్డు రాయడంలో జరుగుతుంది. "కిరణజన్య సంయోగక్రియను వివరించండి" అని రాస్తే వాడు చదివినట్టు అనుకుని "గుర్తుంది" నొక్కేస్తాడు. "పత్రహరితం ఏ కణాంగంలో ఉంటుంది?" వెనక "హరితరేణువు". అంతే ఉండాలి. కార్డులు వాడే రాసుకోవాలి, రాయడంలోనే సగం చదువైపోతుంది. రోజుకు 20 కొత్త కార్డులని యాప్ తనంతట తానే పెట్టుకుంటుంది, దాన్ని 8కి తగ్గించండి. ఒక్కో కార్డు మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది కాబట్టి, దసరా సెలవుల్లో వదిలేసి వచ్చేసరికి వందలు పేరుకుని, చూసి యాప్‌నే తీసేస్తారు. లెక్కలకు ఇది పనికిరాదు, వాటికి నోటుపుస్తకమే.

మొదటి వారం తలుపులు ధడాలున వేస్తాడు, ముభావంగా ఉంటాడు. రాత్రి తొమ్మిదిన్నరకు "ఇంకో పది నిమిషాలు" అంటే ఆ పూట ఇవ్వకండి. మార్పులేవైనా ఆదివారం మాట్లాడదామని చెప్పి, ఆదివారం నిజంగానే వినండి. మూడు వారాలు నిలబడితే సెలవురోజు డౌన్‌టైమ్‌ను అరగంట ఆలస్యంగా, పదింటికి మార్చండి.

ఒక పూట అలిగి తినకపోవడం వేరు. రోజుల తరబడి తిండి, నిద్ర తగ్గినా, స్నేహితుల్ని వదిలేసినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి అన్నా బెదిరింపని కొట్టిపారేయకండి. వాణ్ని ఒంటరిగా వదలకుండా అప్పుడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.